వెళ్లిపోలేని వాళ్ల మీదే పెద్ద నోరు

గాజువాక వైపు షెడ్లలోనైనా, రుషికొండ మీది ఐటీ ఆఫీసుల్లోనైనా ఒక నమ్మకం గట్టిగా పాతుకుపోయింది: నాలుగు తిట్లు పడకపోతే పని నడవదని. నోరు చేసుకునే సూపర్‌వైజర్‌కి "మనిషి స్ట్రిక్టు గానీ పని చేయిస్తాడు" అని మంచి పేరు కూడా ఉంటుంది. నా దృష్టిలో ఆ పేరు అతనికి దక్కకూడనిది.

బాసుల దురుసుతనాన్ని మొదట పద్ధతిగా కొలిచినవారిలో అమెరికా పరిశోధకుడు బెనెట్ టెపర్ ముఖ్యుడు. 2000లో అచ్చయిన ఆయన అధ్యయనం చేయి చేసుకోవడాన్ని లెక్కలోకి తీసుకోలేదు. నలుగురిలో చులకన చేయడం, ఎప్పటి తప్పో ఇప్పుడు ఎత్తిపొడవడం, తన తప్పును కిందివాళ్ల మీదకు నెట్టడం, పలకరించకుండా పక్కన పెట్టడం లాంటివే, అవీ పదేపదే జరిగితేనే, లెక్క. అలాంటి బాసు కింద పనిచేసేవాళ్లు ఉద్యోగం మానేసే అవకాశం ఎక్కువని తేలింది. మానకుండా ఉన్నవాళ్లలో పని మీదే కాదు, బతుకు మీదే తృప్తి తగ్గింది. ఆందోళన, కుంగుబాటు పెరిగాయి. ఇంకో ఉద్యోగం దొరికే దారి లేనివాళ్లకు ఈ దెబ్బ మరింత గట్టిగా తగిలిందన్నది ఆ అధ్యయనంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టిన విషయం.

విశాఖలో అలాంటివాళ్లు ఎవరో వెతకక్కర్లేదు. పెద్ద ప్లాంట్లలో కాంట్రాక్టు కార్మికుడి గేటు పాసు కాంట్రాక్టరు చేతిలో ఉంటుంది. అచ్యుతాపురం వైపు కుట్టు లైన్లలో పనిచేసే ఆడపిల్ల ఊళ్లో బస్సెక్కేది ఇంటి అప్పు తీరాలని. గంట టార్గెట్ తప్పితే లైనంతా వినేలా మాట పడుతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో పెట్టించుకున్న ప్రైవేటు లెక్చరరు, రిలీవింగ్ లెటర్ రాదేమోనని నోరు మూసుకునే కొత్త ఇంజనీరు... వీళ్లతో "నచ్చకపోతే మానేయొచ్చుగా" అనడం అన్యాయం. వాళ్లు మానేయలేరని ఆ బాసుకూ తెలుసు; అందుకే అతని నోరు అంత లేస్తుంది.

ఆ మాటలు షిఫ్టుతో ముగిసిపోవు. బాసు చేతిలో అవమానపడ్డ ఉద్యోగి ఇంట్లోవాళ్ల మీద విసుక్కోవడం, వాళ్లను కించపరచడం ఎక్కువని 2006లో వచ్చిన మరో అమెరికా అధ్యయనం చూపింది. కంపెనీ తనకిచ్చిన మాట తప్పిందన్న కసి ఉన్న బాసుల్లో కొందరు దాన్ని కిందివాళ్ల మీద తీర్చుకుంటారని కూడా అందులోనే ఉంది. పై నుంచి వచ్చిన ఒత్తిడి మెట్టుమెట్టుకూ దిగి, చివరికి గోపాలపట్నంలోనో కూర్మన్నపాలెంలోనో హోంవర్కు చేసుకుంటున్న పిల్లాడి మీద పడుతోంది. ఆ పిల్లాడి భయాన్ని ఏ కంపెనీ లెక్కల్లో రాస్తారు?

ఈ ఊరికి సంబంధించి ఇంకో కోణముంది. ఆసుపత్రి వార్డుల్లో మందుల పొరపాట్లను పరిశీలించిన అమెరికా పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్, మంచి నాయకత్వం ఉన్నచోటే ఎక్కువ పొరపాట్లు నమోదవడం గమనించారు. అక్కడి నర్సులు దాచకుండా చెప్పగలగడమే దానికి కారణమని ఆమె వివరించారు. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ లీకై ప్రాణాలు పోయిన ఊరు మనది. ఆ దుర్ఘటనను ఏ సూపర్‌వైజర్ తిట్లకూ ముడిపెట్టడం లేదు. కానీ వాల్వు దగ్గర తేడా కనిపించినప్పుడు చెబితే ముందు తనకే తిట్లు పడతాయని జంకే ఆపరేటరు ఏ ప్లాంటుకైనా ప్రమాదమే.

చట్టం చూద్దామంటే, 2013 నాటి చట్టం పనిచోట మహిళలపై లైంగిక వేధింపులకే పరిమితం. మిగతా అవమానాలకు ప్రత్యేక చట్టం లేదు. పని ప్రదేశంలో హింస, వేధింపులపై 2019లో వచ్చిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 190వ ఒప్పందాన్ని మన దేశం ఇంకా ఆమోదించలేదు. జపాన్ మాత్రం బాసులు అధికారంతో కిందివాళ్లను వేధించకుండా చూడడాన్ని 2020 నుంచి పెద్ద కంపెనీల బాధ్యతగా చేసింది.

ఢిల్లీ కదిలేదాకా ఇక్కడి యాజమాన్యాలు ఆగనక్కర్లేదు. ఏ సూపర్‌వైజర్ కింద ఏడాదికి ఎంతమంది మానేస్తున్నారో హెచ్ఆర్ రిజిస్టర్లోనే ఉంటుంది. అతని ప్రమోషన్ ఫైలుకు ఆ కాగితం జతచేయాలి. కాంట్రాక్టు కార్మికుడి ఫిర్యాదును కాంట్రాక్టరు కాకుండా ప్లాంటు యాజమాన్యమే నేరుగా తీసుకోవాలి. ఆ ఫిర్యాదు తేలేదాకా అతని గేటు పాసు ఆపకూడదన్న షరతును టెండరులోనే రాయాలి.