స్కాన్ చేస్తే సరిపోదండీ

పెద్ద గేమును 500 ఎంబీకి కుదించామంటూ నెట్‌లో ఉచితంగా ఇచ్చే ఫైళ్లను డౌన్‌లోడ్ చేశాక యాంటీవైరస్‌తో స్కాన్ చేసుకుంటే చాలని మీ వ్యాసంలో రాశారు. ఆ ఒక్క మాట ఒప్పుకోలేను. అది చదివి పిల్లలు ధైర్యంగా క్లిక్ చేస్తారేమోనని నా భయం.

ఫోర్జా హొరైజన్ 5 అనే కార్ల రేసు గేముకి 110 జీబీ ఖాళీ కావాలని, గేములు అమ్మే స్టీమ్ సైట్‌లోనే ఉంటుంది. అది 500 ఎంబీలో ఎలా పడుతుంది? గేముల్లో బొమ్మలు, శబ్దాలు చాలావరకు ముందే కుదించి ఉంటాయి. మళ్లీ ఎంత పిండినా కొంత తగ్గుతుందేమో గానీ, రెండొందలో వంతుకు దిగదు.

మరి ఆ ఫైల్లో ఏముంటుంది? చాలాసార్లు పాస్‌వర్డ్ పెట్టిన రార్ ఫైలు (జిప్ లాంటి కుదించిన ఫైలు), పక్కనే టెక్స్ట్ ఫైల్లో ఆ పాస్‌వర్డ్, 'ముందు యాంటీవైరస్ ఆపేయండి' అని ఒక సూచన. తాళం వేసిన ఫైలు లోపలికి స్కానర్ చూడలేదు, ఆ తాళం వేసేదే అందుకు. ఇంకో ఎత్తు కూడా ఉంది. లోపలి సెటప్‌కి వందల ఎంబీల సున్నాలు అతికిస్తారు. సున్నాలు ఇట్టే కుదించుకుపోతాయి కాబట్టి డౌన్‌లోడ్ చిన్నదే. విప్పితే మాత్రం నిజం గేము సెటప్‌లా పెద్దగా కనిపిస్తుంది, ఫైళ్లను చాలా యాంటీవైరస్‌లతో పరీక్షించే వైరస్‌టోటల్ సైట్ సైజు పరిమితినీ దాటేయొచ్చు.

ఇలా లోపలికొచ్చే రెడ్‌లైన్, లుమ్మా లాంటి దొంగ ప్రోగ్రాములు బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లతో పాటు లాగిన్ కుకీలనీ (మీరు ఇప్పటికే లాగిన్ అయ్యారని సైట్‌కి గుర్తుచేసే సమాచారం) ఎత్తుకెళ్తాయి. కుకీ చేతికి చిక్కితే ఓటీపీ లేకుండానే మీ మెయిల్ తెరుచుకోవచ్చు.

ఉచితంగా ఆడాలంటే సూపర్‌టక్స్‌కార్ట్ అనే రేసు గేము ఉంది. ఇప్పటికే ఇలాంటి సెటప్ నొక్కినవాళ్లు ఆ కంప్యూటర్లో పాస్‌వర్డ్‌లు మార్చకండి. దానికి నెట్ తీసేసి, ఫోన్ నుంచి మార్చి, అన్ని పరికరాల్లోంచీ లాగౌట్ చేయండి. డబ్బు పోయుంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.