బోనులో మానిటరు

ముద్దాయిని కోర్టుకు తీసుకురావడమంత దండగమారి పని ఇంకోటి లేదని, జైలు నుంచే వీడియోలో చూపిస్తే చాలని ప్రభుత్వం ఆలస్యంగానైనా గ్రహించినందుకు విశాఖ పౌరుడిగా హర్షిస్తున్నాను. అడవివరం సెంట్రల్ జైలు నుంచి ఒక్క మనిషిని తేవాలంటే వ్యాను, డీజిలు, ఎస్కార్టు కావాలి. హనుమంతవాక జంక్షన్లో మామూలు జనంతో సమానంగా ఆగాలి. వెనకటికి జైలు ఊరి మధ్యనే ఉండేది. దాన్ని అడవివరం పంపేసి, ఆ స్థలంలో పార్కు కట్టి, జైలు రోడ్డన్న పేరొక్కటి మనకు ఉంచారు. ఇప్పుడు ముద్దాయికీ అదే పద్ధతి: పేరు కోర్టులో, మనిషి అడవివరంలో.

చట్టం అండ ఉండనే ఉంది. 2024 జూలై 1 నుంచి పాత సీఆర్పీసీ (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) బదులు అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 530వ సెక్షన్ ప్రకారం విచారణ ఎలక్ట్రానిక్ పద్ధతిలో జరపొచ్చు. 187వ సెక్షన్ ప్రకారం పోలీసు కస్టడీ అయితేనే మనిషిని ఎదుట నిలబెట్టాలి, జ్యుడీషియల్ రిమాండు, అంటే జైల్లో ఉంచడం, పొడిగింపుకు తెరమీద బొమ్మ చాలు. వీటన్నిటికీ ముందు 2003లో సుప్రీంకోర్టు తీర్పొకటి ఉంది. వైద్య నిర్లక్ష్యం కేసులో ఒక అమెరికా డాక్టరు సాక్ష్యం చెప్తానన్నాడు గానీ ఇండియా రానన్నాడు. ఆయన కోసం వీడియోకి తలుపు తీశారు. రానన్న పెద్దమనిషికి తీసిన ఆ తలుపే చూపించి, వస్తాను బాబోయ్ అంటున్న పాడేరు కుర్రాణ్ణి ఇవాళ రావద్దంటున్నాం.

కుర్రాడిది గంజాయి మూట కేసు అనుకోండి. మూట ఎవరిదో వాడికి తెలీదు, తెలిసినవాడు ఎటూ దొరకడు. బరువు 20 కిలోలు దాటింది గనక బెయిలు గగనం. కెమెరా సీలింగు దగ్గర బిగించారేమో, తెరమీద వాడి పాపిడి చక్కగా కనబడుతుంది, మొహం అంతంతమాత్రం. "జైల్లో ఇబ్బందేమన్నా ఉందా?" అని జడ్జిగారు ధర్మంగా అడుగుతారు. కెమెరాకి అందకుండా, కుర్రాడికి మాత్రం అందేంత దూరంలో ఒక ఖాకీ మోచెయ్యి. వాడు అటొకసారి చూసి, "లేదు బాబూ" అంటాడు. ఇంత ప్రశాంతమైన జవాబు కోర్టు హాల్లో వస్తుందా?

తనమీద తాను సాక్ష్యం చెప్పుకోవాలని ఎవరూ బలవంతపెట్టకూడదంటుంది రాజ్యాంగం 20(3) అధికరణం. మ్యూట్ బటన్ ఆ హక్కును మరింత విశాలం చేసి, తనకు అనుకూలంగా కూడా చెప్పనక్కర్లేకుండా చేసింది. పూర్వం సాక్షి అబద్ధమాడుతుంటే ముద్దాయి ప్లీడరు గౌను లాగి, "అప్పటికింకా చీకటి పడలేదు సార్" అని చెవిలో ఊదేవాడు. గౌన్లు చిరిగేవి. ఇప్పుడా నష్టం లేదు.

మిగిలిందల్లా వాళ్లమ్మ. వాయిదా అంటే కోర్టు వరండా అనీ, ఎస్కార్టు కానిస్టేబులు చూసీచూడనట్టు అటు తిరిగితే కొడుక్కి ఇడ్లీ పొట్లం ఇవ్వొచ్చనీ ఆవిడ నమ్మకం. తెల్లారకముందే బస్సెక్కి వస్తుంది. మానిటరు జడ్జిగారి వైపు తిరిగుంటుంది గనక, ఆవిడకి వెనకాల వైర్లు కనబడతాయి. "ములాఖత్‌కైతే అడవివరం పోమ్మా" అని బంట్రోతు సలహా. ఆవిడకో లింకు పంపితే పోయేదని నా సూచన. ఫోను ఆవిడే కొనుక్కుంటుంది.

గతంలో ఎస్కార్టు దొరక్క వాయిదా పడేది. ఆ బాధ పోయింది, ఇప్పుడు లింకు దొరక్క పడుతోంది. లింకు దొరికిన రోజున రెండు నిమిషాల్లో రిమాండు ఇంకో పదిహేను రోజులు పొడిగిస్తారు. ఆ పదిహేను రోజులకి మాత్రం వీడియో సౌకర్యం ఇంకా రాలేదు. కుర్రాడు స్వయంగా హాజరు కావాలి.