సెలైన్ పీకేస్తున్నారని పెద్దవాళ్ల చేతులు కట్టేయకండి

సూది పీకేస్తున్నారని ముసలివాళ్ల చేతులు గాజుగుడ్డతో మంచానికి కట్టేయడం చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది. శ్రీకాకుళంలో స్టాఫ్ నర్సుగా నైట్ డ్యూటీలు చేస్తూ చెబుతున్నాను, కట్టేస్తే పెనుగులాట ఇంకా పెరుగుతుంది.

ఈమధ్య టెక్కలి వైపు నుంచి ఒక తాత వచ్చాడు. జ్వరం. పగలంతా బాగానే మాట్లాడాడు. అర్ధరాత్రి "ఎడ్లు ఇప్పాలి, నానెల్తాను" అంటూ లేచిపోయాడు. కాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో ఉంచే సన్న గొట్టం) మీద ప్లాస్టర్ గోటితో గీకి గీకి లాగేశాడు, దుప్పటంతా రక్తం. కొడుకు "కట్టేయండి సిస్టర్" అంటాడు. పొత్తికడుపు మీద చెయ్యి వేసి చూస్తే బిర్రుగా ఉంది, మూత్రం ఆగిపోయింది. డాక్టర్‌తో ట్యూబు వేయించి, మూత్రం వచ్చాక వెంటనే తీయించేశాం. కాసేపటికి నిద్రపోయాడు. ఇది పిచ్చి కాదు, డెలీరియం, అంటే ఒంట్లో ఏదో తేడా వల్ల ఉన్నట్టుండి వచ్చే అయోమయం. ఇన్‌ఫెక్షన్, సోడియం పడిపోవడం, మలబద్ధకం, నిద్రమాత్రలు, ఏదైనా కారణం కావచ్చు. అది వెతక్కుండా చేతులు కడితే ఏం లాభం?

సూది పెట్టే చోటు కూడా ముఖ్యమే. మణికట్టు దగ్గర, మోచేతి మడతలో పెడితే కదిలినప్పుడల్లా నొప్పి, చెయ్యి అక్కడికే పోతుంది. రోజూ వాడని చేతికి, ముంజేతి మీద పెట్టి, పైన బ్యాండేజీ వదులుగా చుట్టి, పొడుగు చేతుల చొక్కా వేస్తే చాలామంది దాని జోలికి పోరు. ప్రతి షిఫ్టులో విప్పి ఎర్రబడిందా, వాచిందా చూడాలి. మన ఉద్దానం కిడ్నీ పేషెంట్లకు మాత్రం ముంజేతి రక్తనాళాలు ఫిస్టులా కోసం (డయాలసిస్‌కి చేతిలో రక్తనాళాలు కలిపే ఆపరేషన్) దాచాలి, అరచేతి వెనకే పెట్టాలి. ఫిస్టులా ఉన్న చేతికి సూదీ వద్దు, బీపీ పట్టీ వద్దు.

అసలు ఆ సూది ఇంకా కావాలా? గంజి తాగుతూ మాత్ర మింగగలిగే మనిషికి రోజంతా బాటిల్ ఎందుకు? "రెండు బాటిళ్లు ఎక్కించండమ్మా, బలం వస్తాది" అని బంధువులే అడుగుతారు. అర లీటరు 5 శాతం గ్లూకోజ్ బాటిల్లో ఉండేది 25 గ్రాముల చక్కెరే! యాంటీబయాటిక్ అయిపోగానే సెలైన్ ట్యూబు విడదీసి కాన్యులాకు మూత పెట్టేయొచ్చు. సూది ఇంకా కావాలా అన్న ఈ ఒక్క ప్రశ్న డాక్టర్లు రౌండ్స్‌లో రోజూ వేసుకోవాలి.

సరిగ్గా కనబడక, వినబడక అయోమయం పెరగకుండా ఇంట్లోవాళ్లు కళ్లద్దాలు, చెవి మిషన్ తప్పకుండా తేవాలి. రాత్రిపూట అటెండెంట్‌ని బయటికి పంపే రూలు ఇలాంటి పేషెంట్లకు ఎత్తేయాలి. వార్డంతా చూసుకునే నర్సు ఒక్క మంచం దగ్గరే కూర్చోలేదు.