అభిమన్యుడికి లేని సదుపాయం

విజయవాడ పార్కుల్లో ఊయల ఉంది, జారుడుబల్ల ఉంది, ఓపెన్ జిమ్ ఉంది. ఆత్మావలోకనానికి మాత్రం ఏ ఏర్పాటూ లేదు. నగరవాసి తన తప్పొప్పులు తలుచుకోవాలంటే ఈఎంఐ మెసేజ్ వచ్చేదాకా ఆగాల్సిందే. కనుక రాజీవ్ గాంధీ పార్కులోనో, బందరు రోడ్డులోని రాఘవయ్య పార్కులోనో తక్షణం ఒక లాబిరింత్ కట్టాలని ఈ వ్యాసం డిమాండ్ చేస్తోంది.

తెలియనివారి కోసం: ఇది లక్నోలో ఉన్న భూల్‌భులయ్యా కాదు. అందులో దారి తప్పుతాం, ఇందులో తప్పుదామన్నా కుదరదు. నేల మీద రాళ్లతో పరిచిన ఒకే ఒక్క దారి మెలికలు తిరుగుతూ మధ్యకు చేరుతుంది. మౌనంగా, మనసులోకి చూసుకుంటూ అక్కడిదాకా నడిచి, మళ్లీ అదే దారిన బయటికి రావాలి. అంటే పద్మవ్యూహమే గానీ, బయటపడే విద్య వేరే నేర్చుకోనక్కర్లేదు. సుభద్ర నిద్రపోయినా ఇబ్బంది లేదు.

ఫ్రాన్సులోని షార్త్ర్ చర్చిలో 13వ శతాబ్దం తొలినాళ్లలో ఇలాంటిది ఒకటి వేశారు. 11 చుట్లు, అడ్డం కొలత 13 మీటర్లకు కాస్త తక్కువ, నడక సుమారు 260 మీటర్లు. మన లెక్కలో 200 గజాల ప్లాటు. అదే ప్లాటు మనవాడి చేతిలో పెడితే జీ ప్లస్ త్రీ లేచేది, కింద పార్కింగు, మెట్ల కింద వాచ్‌మన్ గది, ఈశాన్యంలో బోరు. వాళ్లు ఒట్టి దారి వేసి వదిలేశారు! ఎనిమిది వందల ఏళ్లుగా అందులో ఎవరూ ఒక్క షెడ్డు కూడా వేసుకోలేదంటే ఆ నిగ్రహానికి జోహార్లు.

ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించడమేగా అని కొందరు ఈసడిస్తారు. నిజమే, తిప్పడమే దీని పని. షార్త్ర్ నమూనాలో అడుగుపెట్టిన కాసేపటికే మధ్యభాగం పక్కకి వచ్చేస్తాం. ఇంకేముంది, చేరిపోయాం అనుకునేలోపు దారి మళ్లీ బయటి చుట్టుకు తీసుకుపోతుంది. దీనివల్ల ఓర్పు పెరుగుతుందట. ప్రభుత్వ కార్యాలయాల్లో ఆఖరి సంతకం కోసం తిరుగుతున్నవారికి ఈ శిక్షణ ఎప్పుడో పూర్తయింది కాబట్టి వారిని మినహాయించాలి.

గోడలుండవు, గీతలే. బెజవాడ మనిషికి ఎదురుగా ఖాళీ కనిపిస్తుంటే చుట్టూ తిరిగి రమ్మనడం అతని తెలివిని శంకించడమే. పైగా పోయేవారికీ వచ్చేవారికీ ఒకటే దారి.

"ఏమండీ, కాస్త పక్కకి జరుగుతారా?"

"నేను ధ్యానంలో ఉన్నానండీ. మీరే జరగండి."

ఇద్దరూ కళ్లు మూసుకుని అక్కడే నిలబడతారు. వెనక క్యూ పెరుగుతుంది. అందులో ఎవరో ఒకరు అలవాటు కొద్దీ నోటితోనే హారన్ కొడతారు. అందుకని చుట్టుకో ట్రాఫిక్ కానిస్టేబుల్‌ని వేయాలి. మౌనం పాటించే స్థలం కనుక విజిల్ లేకుండా.

చెప్పుల్లేకుండా నడిస్తే ఫలితం ఎక్కువంటారు. మే నెలలో పది దాటాక నడిస్తే అంతరాత్మ కంటే ముందు అరికాళ్లు మాట్లాడతాయి.

అసలు చిక్కు పెద్దవాళ్లతో. ఈ దారి కాసేపు కుడికి, కాసేపు ఎడమకి తిరుగుతుంది. అంటే కొంత ప్రదక్షిణం, కొంత అప్రదక్షిణం. కుడివైపు కూడబెట్టిన పుణ్యం ఎడమవైపు కరిగిపోయి, ఖాతాలో నిల్వ సున్నా. ఇంద్రకీలాద్రి గిరి ప్రదక్షిణ చేసొచ్చిన బామ్మలు ఈ లెక్క ఛస్తే ఒప్పుకోరు. మధ్యలో చిన్న రాయి పెడితే మాత్రం కథ మారుతుంది. మర్నాటికి పసుపు కుంకుమలు, వారంలో హుండీ, నెల తిరిగేసరికి ప్రత్యేక దర్శనం టికెట్టు. ఆ టికెట్టు కొన్నవారికి నాలుగు చుట్లు మాఫీ.

అందువల్ల మధ్యభాగాన్ని ఖాళీగా ఉంచాలని మా సిఫారసు. అది నెరవేరదని మాకూ తెలుసు, ఎందుకంటే శిలాఫలకం ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా. ప్రారంభోత్సవం నాడు ముఖ్య అతిథి 260 మీటర్లు మౌనంగా నడిస్తే ముహూర్తం దాటిపోతుంది. వెంట వచ్చే అనుచరులు 11 చుట్లూ నిండిపోతే ఎవరు లోపలికి పోతున్నారో, ఎవరు బయటికి వస్తున్నారో వీడియో తీసేవారికి అంతుపట్టదు. కాబట్టి గేటు నుంచి మధ్యదాకా, గీతల మీదుగా, నేరుగా ఎర్ర తివాచీ పరిచే ఖర్చును టెండరులోనే చేర్చాలి.