రెండు బుట్టలు చాలవు

తడి చెత్త, పొడి చెత్త వేరు చేస్తే సరిపోతుందని ఇంటి చెత్త గురించి వచ్చిన ఒక వ్యాసంలో రాశారు. సరిపోదండీ. 2016 ఘన వ్యర్థాల నియమాలు ఇంట్లోని ప్రమాదకర చెత్తకు మూడో బుట్ట కూడా అడిగాయి: ట్యూబ్‌లైట్లు, బ్యాటరీలు, కాలం చెల్లిన మందులు, పెయింటు డబ్బాలు. డైపర్లు, ప్యాడ్లను మాత్రం చుట్టి పొడి చెత్తలోనే వెయ్యమన్నారు. నా దృష్టిలో ఆ నియమాల్లో పెద్ద లోపం అదే, చెత్త ఏరేవాళ్ళ చేతులకు అవి తగిలేది అక్కడే.

తడి చెత్త పాలిథీన్ కవర్లో కట్టి ఇవ్వకండి, ముక్కలు ఎరువులో కలుస్తాయి. పాల ప్యాకెట్ మూల పూర్తిగా తెంపొద్దు, ఆ చిన్న ముక్క ఏరడానికి దొరకదు. ప్యాకెట్ కడిగి ఆరబెట్టాలి. లేకపోతే పక్కనున్న కాగితాలూ తడిసి పాడైపోతాయి, పాత సామాన్లవాళ్ళు కూడా ముట్టుకోరు.