మహారాజశ్రీ పొద బీన్స్ గారికి

మహారాజశ్రీ హెయిర్‌లూమ్ పొద బీన్స్ గారి సముఖమునకు, తమరి పెరటి గుమస్తా చేసుకునే విన్నపాలు.

ఇక్కడ నేను క్షేమం. తమరి క్షేమం పొద్దునా సాయంత్రం మడి దగ్గర నిలబడి చూస్తూనే ఉన్నాను కాబట్టి అడగను. ఉభయకుశలోపరి.

తమరి ప్యాకెట్ మీద వంశచరిత్ర చదివాను. హెయిర్‌లూమ్ అంటే తరతరాల విత్తనమట, పాతకాలపు అసలు రుచట, అంతరించిపోతున్న వారసత్వమట. గింజ ఎంత లోతున వేయాలో మాత్రం అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్లో అచ్చేశారు. (రెండున్నర నుంచి నాలుగు సెంటీమీటర్లు. కళ్లు చికిలించుకుని చదివాను.) తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టుంది తమరి వరస.

అయినా అడుగుతాను, ఈ హెయిర్‌లూమ్ బిరుదు తమరికి ఎవరిచ్చారు? అందరూ ఒప్పుకున్న నిబంధన అంటూ ఒకటి లేదు. యాభై ఏళ్లు దాటితే చాలని కొందరు, రెండో ప్రపంచ యుద్ధానికి ముందుదై ఉండాలని కొందరు, ఒకే కుటుంబంలో చేతులు మారుతూ రావాలని ఇంకొందరు. యాభై ఏళ్ల లెక్కే పట్టుకుంటే 1949లో వచ్చిన కంటెండర్, 1965లో వచ్చిన ప్రొవైడర్ కూడా ఇప్పుడు పాత జమీందార్లే. రెండూ పరిశోధకులు తయారుచేసిన రకాలు. ఇక పీచు లేని బీన్స్ ఈ కాలపు సుకుమారం అని తమరి అభిమానులు ఈసడిస్తుంటారు. అమెరికాలో కాల్విన్ కీనీ రూపొందించిన పీచులేని పొద రకాన్ని బర్పీ విత్తనాల కంపెనీ 1894లోనే అమ్మకానికి పెట్టింది. అంటే పీచు లేకపోవడానికి కూడా నూట ముప్పై ఏళ్ల వంశచరిత్ర ఉంది. పీచు ఉన్నవారే కులీనులనే వాదన ఇకనైనా కట్టిపెట్టండి.

నా అసలు బాధ ఇది కాదు. తమరికి నా అవసరం లేదు, అదీ బాధ.

తీగ రకం మీ దాయాదులకైతే కర్రలు పాతాలి, తాళ్లు కట్టాలి, కొస ఎటు పోతోందో చూసుకోవాలి. మనిషికి చేతినిండా పని. తమరు మూరెడు ఎత్తు ఎదిగి, కొసన పూలగుత్తి పెట్టేసుకుని, ఇక చాలు అంటారు. పువ్వు విచ్చుకునేలోపే లోపల పరాగ సంపర్కం ముగించేస్తారు. పాపం తేనెటీగలు, పెళ్లయిపోయాక భోజనాల వేళకు వచ్చిన చుట్టాల్లా ఆ పూల మీద వాలుతుంటాయి. నేనూ ఇంచుమించు ఆ బంతిలోనే ఉన్నాను. పోనీ ఎరువైనా వేద్దామంటే, నత్రజని కాస్త ఎక్కువైతే చాలు, తమరు ఏపుగా ఆకులు పెంచుకుని కాయల సంగతి మరిచిపోతారు.

నత్రజని అంటే గుర్తొచ్చింది. వేళ్ల బుడిపెల్లో రైజోబియం బ్యాక్టీరియాను పెట్టుకుని నేలను సారవంతం చేస్తానని తమరికి పెద్ద పేరు. దానకర్ణుడంటారు. పప్పుజాతి పంటల్లో గాలి నుంచి నత్రజని తీసుకోవడంలో వెనకబడినవారు తమరేనని నేను విన్నాను. ఆ తీసుకున్నదాంట్లో చాలా భాగం గింజల్లోకే చేరుతుంది, ఆ గింజలు నా బుట్టలోకి. మిగిలిన దానం ఎంతో తమరే చెప్పాలి.

అవసరం లేదంటూనే అలకలకు మాత్రం తక్కువ లేదు. నేల చల్లగా, తడిగా ఉంటే గింజ మొలవకుండా కుళ్లిపోతుంది. ఎండ 32 డిగ్రీలు దాటితే పూలు రాల్చేస్తారు. ఆకులు తడిగా ఉన్నప్పుడు ముట్టుకోకూడదు; ముట్టుకుంటే తుప్పు తెగులూ బ్యాక్టీరియా మచ్చలూ నా వేళ్లతోనే పక్క మొక్కకు అంటుకుంటాయి. ఇంత మడి కట్టుకుని కూర్చున్నవారు చివరికి కాపు మాత్రం రెండు మూడు వారాల్లో ఒక్కసారిగా కుమ్మరించి, ఉద్యోగ విరమణ ప్రకటిస్తారు. ఊదారంగు కాయల వారిది మరో వైభవం: మడిలో రాజవస్త్రాలు, మరిగే నీళ్లలో పడగానే మామూలు ఆకుపచ్చ.

ఇప్పుడు గింజ దాచే విషయం. లేత కాయ కోస్తూ ఉంటేనే తమరు కొత్త కాయ పెడతారు. కోయకుండా ముదరనిస్తే, వంశం నిలిచింది కదా అని పూయడం మానేస్తారు. అంటే ఒకే మొక్క నుంచి కూరా విత్తనమూ కలిసి రావు. విత్తనం కావాలంటే కొన్ని మొక్కల జోలికి పోకుండా, కాయ ఎండి గలగలమనేదాకా నెలా పదిహేను రోజులైనా నోరు కట్టుకోవాలి. అందులోనూ లావుపాటి గింజలు ఏరి దాచుకుందామంటే, ఆ ఆనందం కూడా తమరు ఉంచలేదు. డెన్మార్క్ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ యోహాన్సెన్ తమరి జాతి గింజలనే తూచి 1903లో తేల్చాడు: ఒకే శుద్ధ వంశంలో (అంటే ఒకే గింజ సంతతిలో) బరువైన గింజ నాటినా తేలిక గింజ నాటినా, పిల్లల సగటు బరువులో తేడా రాదు. 1909లో జీన్ అనే మాటను వాడుకలోకి తెచ్చింది కూడా ఆయనే. కాబట్టి గింజ లావు చూసి మురిసిపోకుండా, తెగులు సోకని మొక్క ఏదో వెతుక్కోవడమే నా వంతు.

దాచిన గింజ అయినా ఎన్నాళ్లు? మామూలు సీసాలో మూడు నాలుగేళ్లు దాటితే మొలక శాతం పడిపోతుంది. ఆ లెక్కన తమరి నూరేళ్ల వంశం నిలవాలంటే కనీసం పాతిక సార్లు ఎవరో ఒకరు కూరకు పనికొచ్చే కాయను చూస్తూ చూస్తూ వదిలేసి, ఎండబెట్టి, మళ్లీ నాటి ఉండాలి. వాళ్లలో ఒక్కరి పేరైనా ప్యాకెట్ మీద లేదు. బొమ్మ మాత్రం తమరిది.

అందుచేత ఈసారి నా షరతులు ఇవి. మడికి తూర్పు మూల నాలుగు మొక్కలు తమరి వంశానికి, మిగతావన్నీ నా మూకుడుకి. సీసా మీద రకం పేరు, సంవత్సరం, వాటి కింద నా పేరు కూడా రాస్తాను. అభ్యంతరాలుంటే కాపు మొదలయ్యేలోపు తెలియజేయగలరు.

ఇట్లు,
తమరి విధేయ గుమస్తా

తా.క.: గింజల్లో తమరితోపాటు పుచ్చు పురుగు కాపురం ఉంటే ముందే చెప్పండి. మడిలో కాయలు ఎండుతున్నప్పుడే అది గుడ్లు పెట్టి వెళ్తుందనీ, తమరు కిక్కురుమనరనీ నాకు తెలుసు. బాగా ఆరాక అందరినీ కలిపి వారం రోజులు ఫ్రీజర్‌లో పెట్టబోతున్నాను. చలి వేస్తోందని కబురు పంపొద్దు.