ఒక్కరి మాట మీద నిలిచిన మొక్కలు

స్కాట్లండ్ పశ్చిమ తీరానికి ఆవల, సుమారు 100 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణమున్న రమ్ అనే ద్వీపానికి 1948 ఆగస్టులో జాన్ రేవెన్ వెళ్లారు. ఆయన కేంబ్రిడ్జిలో ప్రాచీన గ్రీకు తత్వశాస్త్రం బోధించే అధ్యాపకులు. మొక్కలంటే మాత్రం ఆయనకు ప్రాణం. ఆ కొండల మీద ఆయన వెతికిన వాటిలో కేరెక్స్ బైకలర్ అనే చిన్న తుంగ మొక్క ఒకటి. ఆల్ప్స్ పర్వతాల్లోనూ, స్కాండినేవియా ఉత్తరాన చలిప్రాంతాల్లోనూ పెరిగే ఈ తుంగ బ్రిటన్‌లో అంతకుముందు ఎవరి కంటా పడలేదు. అది రమ్‌లో ఉందని 1940లలో ప్రకటించినవారు ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో వృక్షశాస్త్ర ఆచార్యులు, బ్రిటన్ ప్రముఖ శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీ సభ్యులు అయిన హెస్లప్ హారిసన్.

ఇంత చిన్న మొక్క మీద ఒక పెద్ద సిద్ధాంతం ఆధారపడి ఉంది. మంచుయుగంలో బ్రిటన్‌లో అత్యధిక భాగం హిమానీనదాల కింద కూరుకుపోయినా, రమ్ ఉన్న హెబ్రిడీస్ ద్వీపాల్లో కొంత నేల మంచు సోకకుండా మిగిలిందని, అక్కడ కొన్ని మొక్కలు బతికి బయటపడ్డాయని హారిసన్ నమ్మకం. ఆయన పేర్కొన్న అరుదైన మొక్కలన్నీ ఆ నమ్మకానికే సాక్ష్యాలు. అప్పట్లో రమ్ ఒక సంపన్న కుటుంబపు సొంత ఆస్తి కావడంతో, యజమానుల అనుమతి లేనిదే ఎవరూ అక్కడ అడుగు పెట్టలేకపోయేవారు. హారిసన్ బృందానికి ఆ అనుమతి ఉండేది. నమోదు చేసే వ్యక్తి మాటను మరొకరు వెళ్లి సరిచూసే దారి లేకపోవడమే అసలు సమస్య అని నేను భావిస్తున్నాను.

రేవెన్ మొక్కను చూసి సరిపెట్టుకోలేదు, దాని చుట్టూ ఏం పెరుగుతోందో కూడా పరిశీలించారు. కొండవాలు మీద ఆ అరుదైన మొక్కల పక్కనే, తోటల్లోనూ కుండీల్లోనూ మొలిచే సాధారణ కలుపు మొక్కలు ఆయనకు కనిపించాయి. ఆ అరుదైన మొక్కలను వేరేచోట పెంచి, తెచ్చి ఇక్కడ నాటారని, కలుపు వాటితోపాటే వచ్చిందని ఆయన తేల్చారు. హారిసన్ దీన్ని ఎన్నడూ అంగీకరించలేదు, ఏ అధికారిక విచారణా జరగలేదు. రేవెన్ పూర్తి నివేదిక కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీ గ్రంథాలయంలో దశాబ్దాల పాటు ఉండిపోయింది. హారిసన్ 1967లో మరణించారు. 1999లో ఒక పుస్తకం వచ్చేదాకా సామాన్య పాఠకులకు ఈ సంగతే తెలియదు. పెద్దమనిషి పరువు కాపాడాలన్న ఆ మర్యాదను నేను సమర్థించలేను, ఎందుకంటే దాని మూల్యం మొక్కలు చెల్లించాయి.

హారిసన్ బృందం చెప్పినదంతా అబద్ధం కాదు. ఉత్తర అమెరికాకు చెందిన ఒక నీటిమొక్క హెబ్రిడీస్‌లోనే ఉన్న సౌత్ ఉయిస్ట్ ద్వీపపు చెరువుల్లో సహజంగానే పెరుగుతోందని 1940లలో వారు చెప్పిన మాట నిజమేనని తర్వాత అందరూ ఒప్పుకున్నారు. కానీ ఒక్కసారి అనుమానం మొదలయ్యాక, ఆయన రాసిన నిజమైన ప్రతి నమోదునూ మళ్లీ మొదటి నుంచి రుజువు చేయవలసి వచ్చింది. స్కాట్లండ్‌కు చెందిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ ఇక్కడ గుర్తుకొస్తారు. 18వ శతాబ్దంలో మన సామర్లకోటలో పనిచేసిన ఆయన, మొక్కల తెలుగు పేర్లు రాసుకోవడంతోపాటు స్థానిక చిత్రకారుల చేత ఆ మొక్కల బొమ్మలూ వేయించారు. ఆయన పొరబడి ఉంటే, ఎక్కడ పొరబడ్డారో ఆ బొమ్మలు చూసి నేటికీ చెప్పవచ్చు.

రమ్‌ను 1957లో ప్రభుత్వ ప్రకృతి పరిరక్షణ సంస్థ కొనుగోలు చేసింది. 2023లో వెలువడిన బ్రిటన్, ఐర్లండ్ మొక్కల అట్లాస్ కోసం వేలమంది, ఎక్కువగా స్వచ్ఛంద సేవకులు, చదరాలుగా విభజించిన నేలను కాలినడకన చుట్టి మూడు కోట్ల నమోదులు సమకూర్చారు. 1950ల నుంచి బ్రిటన్ స్థానిక మొక్కల్లో 53 శాతం తగ్గుముఖం పట్టాయని వాటి ఆధారంగానే తేలింది. పాత నమోదు నమ్మదగినది కాకపోతే, ఇవాళ ఒక మొక్క కనిపించనప్పుడు అది అంతరించిందో, అసలు అక్కడ ఎన్నడూ లేదో చెప్పడం సాధ్యం కాదు. అందుకే తేదీ, స్థలం, ఎండబెట్టి అతికించిన నమూనా, రెండో మనిషి నిర్ధారణ లేని నమోదును, ఎంత గొప్పవారు రాసినా, పక్కన పెట్టాలి. ఉత్తరాది చలిప్రాంతాలకు చెందిన నార్వే ఇసుకమొక్క రమ్ కొండల్లోని గులకనేలల మీద తెల్లని చిన్న పూలతో నిజంగానే పెరుగుతోంది. ఎవరైనా వెళ్లి చూడవచ్చు.